ఖాళీ సమాధి – మన సమాధానం

స్తుతిస్తోత్రాలన్నీ అల్లాహ్‌కే. ఆయన పంపిన ప్రవక్తలందరిపైనా, అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స) పైనా శాంతి, శుభాలు కురియుగాక!



ఒక జుమా నమాజు తర్వాత డిగ్రీ చదివే ఒక అబ్బాయి నా దగ్గరకొచ్చి కూర్చున్నాడు. మొహం వాడిపోయి ఉంది. ఈస్టర్ రోజుల్లో అతనికీ, కాలేజీలోని అతని క్రైస్తవ మిత్రునికీ మధ్య చర్చ జరిగిందట. ఏసు శిలువపై మరణించి మూడో రోజున తిరిగి లేచారనడానికి చారిత్రక రుజువులున్నాయని ఆ మిత్రుడు ఒక్కొక్కటే వివరించాడట. మనవాడు వెంటనే బర్నబా సువార్త పేరెత్తి, “అసలైన సువార్త అదే. మీవాళ్లు దాన్ని దాచేశారు” అన్నాడు. రెండు రోజుల తర్వాత ఆ మిత్రుడు ఆ పుస్తకం చరిత్రంతా తెలుసుకుని వచ్చి, అది ఎంత ఆలస్యంగా పుట్టిందో చూపించాడు.

“మౌల్వీ సాబ్! నేను గట్టిగా చెప్పిన మాట తప్పని తేలిపోయింది. నేను నమ్మేవాటిలో ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయోనని రాత్రి నిద్ర పట్టలేదు” అన్నాడా అబ్బాయి.

సోదరులారా! ఆ అబ్బాయి తలదించుకోవలసి వచ్చింది సత్యం అతని పక్షాన లేనందువల్ల కాదు. పుచ్చిన కర్రను ఊతగా పట్టుకున్నందువల్ల. మన ఇళ్లలోని పిల్లలకు ఈ గతి పట్టకూడదంటే ముందుగా క్రైస్తవ సోదరులు ఏం చెబుతున్నారో ఉన్నదున్నట్లు తెలుసుకోవాలి. ఒక జాతిపై ఉన్న ద్వేషం మిమ్మల్ని న్యాయం తప్పేలా చేయరాదని అల్లాహ్ మనల్ని హెచ్చరించాడు (5:8). ఎదుటివారి వాదాన్ని వక్రీకరించి, ఆ వక్రీకరించిన దాన్ని ఓడించడం కూడా అన్యాయమే.

వారు చూపే రుజువులు

వారి రుజువుల్లో అన్నిటికంటే పాతది సువార్తల్లో లేదు. అది పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో ఉంది. క్రీ.శ. 53-55 ప్రాంతంలో, అంటే శిలువ సంఘటన జరిగిందని చెప్పబడే కాలానికి పాతికేళ్ల లోపే ఆ పత్రిక రాయబడింది. క్రీస్తు మరణించి, సమాధి చేయబడి, మూడో రోజున లేపబడి, పేతురుకు, పన్నెండుమందికి, ఆ తర్వాత ఒకేసారి అయిదువందల మందికి పైగా, ఆపైన యాకోబుకు కనిపించారని అందులో ఉంది. ఇది తాను కల్పించింది కాదని, తనకు ముందే ఉన్నవారి నుంచి తనకు అందిందని పౌలు చెప్పుకున్నాడు. అతను యెరూషలేము వెళ్లి పేతురు దగ్గర పదిహేను రోజులు ఉన్నట్లు, యాకోబును కూడా చూసినట్లు గలతీయుల పత్రికలో ఉంది. కనుక ఈ నమ్మకం శతాబ్దాల తర్వాత పుట్టిన కట్టుకథ కాదని వారంటారు.

రెండోది ఖాళీ సమాధి. ఆదివారం తెల్లవారుజామున మగ్దలేనే మరియ మొదలైన స్త్రీలు వెళ్లి చూస్తే సమాధిలో దేహం లేదని నాలుగు సువార్తలూ చెబుతున్నాయి. ఆ కాలపు యూద సమాజంలో స్త్రీల సాక్ష్యానికి అంతగా విలువ ఉండేది కాదు. కథ అల్లేవారైతే సాక్షులుగా పురుషులనే పెట్టుకునేవారు కదా అన్నది వారి తర్కం.

మూడోది శిష్యుల్లో వచ్చిన మార్పు. భయంతో చెదిరిపోయినవారు కొద్దికాలానికే ధైర్యంగా ప్రకటించసాగారు. విశ్వాసులను హింసించిన పౌలు తానే ప్రచారకుడయ్యాడు. ఏసు సోదరుడిగా వారు చెప్పే యాకోబు మొదట నమ్మలేదు. తర్వాత యెరూషలేము సంఘానికే పెద్ద అయ్యాడు. క్రీ.శ. 62లో అతన్ని రాళ్లతో కొట్టి చంపారని యూద చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు.

ఇవి తేలిగ్గా తీసిపారేయదగిన మాటలు కావు. కానీ ఇవి ఎక్కడిదాకా తీసుకెళ్తాయన్నదే అసలు ప్రశ్న.

ఆ రుజువుల హద్దు

మార్కు సువార్త నాలుగింటిలో పాతదని అత్యధిక పండితుల అభిప్రాయం. దాని చివరి అధ్యాయాన్ని గమనించండి. సినైటికస్, వాటికానస్ అనే 4వ శతాబ్దపు ప్రసిద్ధ రాతప్రతుల్లో అది 16వ అధ్యాయం 8వ వచనంతోనే ఆగిపోతుంది. స్త్రీలు భయపడి పారిపోయారు, ఎవరికీ ఏమీ చెప్పలేదు. అంతే! ఏసు లేచి శిష్యులకు కనిపించిన వృత్తాంతం అక్కడ లేదు. ఆ తర్వాతి పన్నెండు వచనాలు పిమ్మట చేర్చబడినవని క్రైస్తవ పండితులే అంగీకరిస్తారు.

శిష్యులు ఆయన్ని ఎక్కడ చూశారు? మత్తయి గలిలయ అంటాడు. లూకా యెరూషలేము, దాని పరిసరాలు అంటాడు. సమాధి దగ్గరికి వెళ్లిన స్త్రీలెవరన్న విషయంలోనూ నలుగురి కథనాలు ఒకేలా లేవు. సాక్షులు కూడబలుక్కోలేదనడానికి ఈ తేడాలే నిదర్శనమని వారు జవాబిస్తారు. కావచ్చు. కానీ ఒక్క సంఘటన మీదే మోక్షమంతా ఆధారపడినప్పుడు ఆ తేడాలు చిన్నవి కావు. ఇక ఆ అయిదువందల మంది సంగతి. వారి పేర్లు లేవు, స్థలం లేదు, నాలుగు సువార్తల్లో ఆ ప్రస్తావనే లేదు.

ఇ.పి. శాండర్స్ అనే ప్రఖ్యాత చరిత్ర పండితుడు 1993లో వెలువరించిన తన గ్రంథంలో, శిష్యులకు ఏవో అనుభవాలు కలిగాయన్నది వాస్తవమేనని ఒప్పుకున్నాడు. ఆ అనుభవాలకు మూలమేమిటో మాత్రం తాను చెప్పలేనన్నాడు. చరిత్ర హద్దు అదే సోదరులారా! వారు గట్టిగా నమ్మారన్నంతవరకే అది చెప్పగలదు. ఒక మనిషి తన నమ్మకం కోసం ప్రాణమిస్తే అతని చిత్తశుద్ధి రుజువవుతుంది. అతను నమ్మిన విషయం దానంతటదే రుజువైపోదు.

మనం పట్టుకోకూడని ఊతకర్రలు

ఇక మనవైపు చూసుకుందాం. బర్నబా సువార్త ఇటాలియన్, స్పానిష్ భాషల్లో మాత్రమే లభించింది. అది మధ్యయుగాల చివర పుట్టిన రచన అని పరిశోధకులు తేల్చారు. అందులో ఈసా (అ) తాను మసీహ్‌ను కానని అన్నట్లుంది. మరి దివ్య ఖుర్ఆన్ ఆయన్ని మసీహ్ అని పేరుపెట్టి పిలుస్తోంది కదా (3:45)! ఖుర్ఆన్‌కే విరుద్ధంగా ఉన్న పుస్తకాన్ని ఖుర్ఆన్‌కు మద్దతుగా తెచ్చుకోవడం ఏమి వివేకం?

ఆయన శిలువపై స్పృహతప్పారని, కోలుకుని కాశ్మీరు చేరి అక్కడ మరణించారని మరో కథ ఉంది. ఇది మీర్జా గులాం అహ్మద్ ప్రచారం చేసిన సిద్ధాంతం. అల్లాహ్ ఆయన్ని తనవైపు ఎత్తుకున్నాడన్న మన విశ్వాసానికి ఇది పూర్తిగా వ్యతిరేకం. వాదనలో నెగ్గడానికి అక్కరకొస్తుందని మన అఖీదానే తాకట్టు పెట్టలేము.

శిష్యులే దేహాన్ని దొంగిలించి అబద్ధమాడారని కొందరంటారు. ఆ మాట మన నోట రానేకూడదు. హవారీలు అల్లాహ్ సహాయకులుగా నిలబడ్డారని ఖుర్ఆన్ ప్రశంసించింది (3:52, 61:14). అల్లాహ్ మెచ్చినవారిని దొంగలుగా చిత్రించే హక్కు మనకెక్కడిది?

మన పెద్దల పద్ధతి వేరు. 1854లో ఆగ్రాలో మౌలానా రహ్మతుల్లాహ్ కీరానవీ (రహ్మలై) ఫండర్ అనే మిషనరీతో బహిరంగ చర్చ జరిపారు. అప్పుడు డాక్టర్ వజీర్ ఖాన్ ఇంగ్లండ్ నుంచి తెచ్చిన క్రైస్తవ పండితుల గ్రంథాలు ఆయనకు ఎంతో తోడ్పడ్డాయి. ఎదుటివారి పుస్తకాలను చదివి, వారి పండితుల మాటలతోనే మాట్లాడిన ఆ శ్రమ ఫలితమే తర్వాత వచ్చిన ‘ఇజ్హారుల్ హఖ్’ గ్రంథం.

మన విశ్వాసం దేనిపై నిలిచింది?

యూదులు ఈసా (అ) ను చంపలేదని, శిలువ వేయలేదని, వారికి అలా భ్రమ కల్పించబడిందని, అల్లాహ్ ఆయన్ని తనవైపు లేపుకున్నాడని ఖుర్ఆన్ స్పష్టం చేసింది (4:157-158). ఆ భ్రమ ఎలా కలిగిందన్న వివరం ఆయత్‌లో లేదు. శిష్యుల్లో ఒక యువకునికి ఆయన రూపం ఇవ్వబడిందని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చెప్పిన ఉల్లేఖనాన్ని ఇబ్నె కసీర్ (రహ్మలై) తన తఫ్సీర్‌లో పేర్కొన్నారు. ఇతర ఉల్లేఖనాలు కూడా ఉన్నాయి. వివరాల్లో భేదం ఉన్నా మూల విశ్వాసంలో భేదం లేదు.

రోమన్ చరిత్రకారుడు టాసిటస్ 2వ శతాబ్దం ఆరంభంలో, పిలాతు పాలనలో క్రీస్తుకు మరణదండన విధించబడిందని రాశాడు. దీన్ని చూపి మనల్ని నిలదీస్తారు. కంగారు పడనక్కర్లేదు. జనానికి అలాగే కనిపించిందని ఖుర్ఆనే చెబుతోంది. జనానికి కనిపించిందే చరిత్రకారుని కలానికి అందుతుంది. తెర వెనుక అల్లాహ్ చేసింది అతనికెలా అందుతుంది?

“మీ గ్రంథం ఆరు శతాబ్దాల తర్వాత వచ్చింది కదా, దాని మాట ఎలా నమ్మాలి?” అని మీ మిత్రుడు అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. జవాబు కూడా నిజాయితీగా ఇవ్వండి. మేము ఖుర్ఆన్‌ను చరిత్రకారుని పుస్తకంగా నమ్మడం లేదు, సంఘటనను కళ్లారా చూసిన ప్రభువు వాక్కుగా నమ్ముతున్నాము అని చెప్పండి. ఇది అగోచర విషయాలపై విశ్వాసం. దీన్ని శిథిలాల్లో తవ్వి చూపలేము. కాబట్టి ముహమ్మద్ (స) నిజమైన ప్రవక్తా కాదా, ఖుర్ఆన్ దైవవాక్కా కాదా అన్న చోటికి చర్చను తీసుకురండి. అసలు నిర్ణయం జరిగేది అక్కడే.

లేపబడినవారు దేవుడవుతారా?

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన విషయం వినండి. వాదన కోసం, ఆయన మరణించి లేచారనే అనుకుందాం. అంతమాత్రాన ఆయన ఆరాధ్యుడవుతారా?

పిన్హాస్ లాపిడే అనే యూద పండితుడు ఉండేవాడు. ఏసు పునరుత్థానం నిజంగా జరిగిన సంఘటనేనని 1970లలో పుస్తకం రాశాడు. అయినా అతను క్రైస్తవుడు కాలేదు, యూదుడిగానే ఉండిపోయాడు. ఎందుకంటే లేపడం దేవుని పని, లేపబడినవాడు దేవుడు కానక్కర్లేదు. యోహాను సువార్తలో లాజరు నాలుగు రోజుల తర్వాత సమాధి నుంచి లేచి వచ్చాడు. అతన్నెవరూ పూజించలేదు. ఖుర్ఆన్‌లో ఒక వ్యక్తిని అల్లాహ్ నూరేళ్లు మరణంలో ఉంచి తిరిగి లేపాడు (2:259). అతను దాసుడిగానే లేచాడు. ఈసా (అ) సైతం మృతులను బతికించింది అల్లాహ్ అనుమతితోనే (3:49).

లాజరు మళ్లీ మరణించాడని, ఏసు మాత్రం ఎన్నటికీ మరణించని విధంగా లేచారని, తన గురించి ఆయన చెప్పుకున్నదానికి అది దేవుని ముద్ర అని వారంటారు. అయితే వారి అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయంలో పేతురు చేసిన మొదటి ప్రసంగం చూడమనండి. అక్కడ కూడా ఆయన్ని లేపింది దేవుడే. లేపేవాడు ఒకడు, లేపబడినవాడు మరొకడు. ఇక తన గురించి ఆయన చెప్పుకున్నదేమిటి? ఊయలలో ఉండగానే, తాను అల్లాహ్ దాసుణ్ణని ఆయన పలికారు (19:30). ఆయన సజీవంగా ఆకాశానికి ఎత్తబడ్డారని మనమూ నమ్ముతాము. అది చిన్న గౌరవమా? కానీ ప్రభువు ఇచ్చిన గౌరవం దాసుణ్ణి ప్రభువుగా మార్చదు.

మన పునరుత్థానం మాటేమిటి?

క్రీస్తు లేపబడకపోతే తమ విశ్వాసమే వ్యర్థమని పౌలు అదే 15వ అధ్యాయంలో రాశాడు. మన ఆఖిరత్ విశ్వాసం ఒక సమాధి ఖాళీగా ఉందా లేదా అన్నదానిపై ఆధారపడలేదు. ఒకడు కుళ్లిన ఎముకను తెచ్చి, దీనికెవరు ప్రాణం పోస్తారని ఎగతాళి చేశాడు. మొదటిసారి పుట్టించినవాడే పోస్తాడని అల్లాహ్ జవాబిచ్చాడు (36:78-79). మనం లేమి నుంచి ఉనికిలోకి వచ్చామన్నదే మనకు రుజువు.

ఈసా (అ) కూడా లేపబడతారు సోదరులారా! తాను పుట్టిన రోజు, మరణించే రోజు, తిరిగి లేపబడే రోజు తనపై శాంతి ఉందని ఆయనే పలికారు (19:33). సహీహ్ హదీసుల ప్రకారం ఆయన న్యాయమూర్తిగా దిగివస్తారు. ఆ తర్వాత ప్రతి ప్రాణిలాగే ఆయనా మరణాన్ని చవిచూస్తారు. ఆ రోజున ఆయనా లేస్తారు, మనమూ లేస్తాము. అయితే అక్కడ ఒకరి బరువు మరొకరు మోయరు (6:164). మన పాపాలకు మన తరఫున ఎవరూ శిలువ ఎక్కలేదు. తౌబా చేసుకోవలసింది మనమే. మనల్ని మన్నించేది అల్లాహ్.

ఆ అబ్బాయికి ఈ మాటలన్నీ చెప్పాక ఒక పని అప్పగించాను. “రేపు వెళ్లి, బర్నబా విషయంలో నేను చెప్పింది తప్పు అని నీ మిత్రునితో ఒప్పుకో. ఆ తర్వాతే మిగతా మాటలు మాట్లాడు” అన్నాను. అతను కాసేపు తలవంచుకుని కూర్చుని, “ఒప్పుకుంటే వాళ్లు నవ్వరా?” అన్నాడు. “నవ్వితే నవ్వనీ. తప్పు ఒప్పుకున్నవాడి తర్వాతి మాట నమ్మాలనిపిస్తుంది” అన్నాను.

కనుక తల్లిదండ్రులారా! గ్రంథప్రజలతో అత్యుత్తమ రీతిలో తప్ప వాదించరాదన్న ఆదేశాన్ని (29:46) పిల్లలకు నేర్పండి. పొరుగింటివారి ఈస్టర్‌ను గేలి చేయనివ్వకండి. వినికిడి మాటలను రుజువులుగా మోయనివ్వకండి. వారి చేతికి ముందు ఖుర్ఆన్ ఇవ్వండి.

ఓ అల్లాహ్! సత్యాన్ని సత్యంగా చూసే చూపును మాకు ప్రసాదించు. న్యాయంగా మాట్లాడే నాలుకను ఇవ్వు. సమాధుల నుంచి మమ్మల్ని లేపే ఆ రోజున, నీ ప్రవక్తలందరినీ నీ దాసులుగా ప్రేమించినవారిలో మమ్మల్ని చేర్చు. ఆమీన్!