నిలువని పనులు

లోకమున మనుష్యులు చేయు పనులు రెండు తెఱగులుగా నున్నవి. చేసిన పిమ్మట నిలిచియుండునవి కొన్ని. చేసిన వెంటనే కరగిపోవునవి కొన్ని. చెఱువు త్రవ్వించినవాని పేరు గట్టుమీది శిలయందుండును. గుడి కట్టించినవాని పేరు శాసనమునందుండును. కావ్యము వ్రాసినవాని పేరు ఆశ్వాసాంతగద్యలో నుండును. వండిన అన్నమో, పొద్దుగ్రుంకులోపలనే చెల్లిపోవును. ఉతికిన వస్త్రము మరునాటికే మాయును. వేకువను వాకిట వేసిన ముగ్గు సాయంకాలమునకు పాదముల క్రింద చెదరిపోవును. మొదటి తెగ పనులు చేసినవారిని లోకము కర్తలనును. రెండవ తెగ పనులు చేసినవారిని ఏమియు ననదు. ఈ యనకపోవుట న్యాయమా యని విచారించుటయే ఈ వ్యాసముయొక్క యుద్దేశము.

ఈ విచారమునకు మంచుదేశము మంచి యొరగల్లు. మన యెండదేశమున నొకపూట ఇంటిపని తప్పినచో ఇబ్బంది కలుగును గాని తఱచుగా ప్రాణముమీదికి రాదు. మంచుదేశమున నట్లు గాదు. అచట చేతితొడుగునకు చిల్లి పడినచో వ్రేళ్లకు ముప్పు; పొయ్యి ఆరినచో పసిబిడ్డకు ముప్పు; వాకిటి మంచు తీయనిచో వృద్ధుని తుంటియెముకకు ముప్పు. కావున నిలువని పనుల విలువ అచట స్పష్టముగా గానవచ్చును. అట్టి దేశములలో ఐస్లాండు ద్వీపము నొకదానిని జూతము. దాని ముఖ్యపట్టణమగు రేక్యావిక్ 64వ యుత్తరాక్షాంశమున నున్నది. డిసెంబరు చివరి దినములలో నచట సూర్యుడు సుమారు నాలుగు గంటలసేపు మాత్రమే కనబడును. తక్కిన కాలమంతయు చీకటి, గాలి, మంచు.

పూర్వము ఆ దీవిలోని పల్లెయిండ్లు రాళ్లతోను పచ్చికగడ్డలతోను గట్టినవి. చెట్లు తక్కువ; వంటచెఱకునకు కఱవు. ఇంటిల్లిపాదియు నొకటే పొడవైన గదిలో తినుచు, పనిచేయుచు, నిద్రించుచు, ఒకరి శరీరపు వేడిమిచే నొకరు చలి కాచుకొనుచుండెడివారు. శీతకాలపు సాయంకాలములయందు ఆ గదిలో దీపము వెలిగించి, యజమానుడు మొదలుకొని పనికత్తెవఱకు నందఱును ఉన్నిపనికి గూర్చుండెడివారు. ఒకరు ఉన్ని నేకుదురు, ఒకరు నూలు వడకుదురు, ఒకరు మేజోళ్లల్లుదురు. అల్లిక స్త్రీలకే తగిన పని యను నియమ మచట లేదు. మగవారును, బిడ్డలును అల్లికసూదులు పట్టినవారే. ఇందఱిలో నొక్కరి చేతులకు మాత్రము సెలవు. ఆ యొక్కరు దీపమునకు దగ్గఱగా గూర్చుండి పూర్వవీరుల కథలను బిగ్గఱగా జదువుదురు. లేదా 'రీముర్' అను దీర్ఘకథాగేయములను వరుస పెట్టి పాడుదురు. ఈ కూటమునకు వారి భాషలో 'సాయంకాలజాగరణము' అని యర్థమిచ్చు పేరు గలదు.

ఇందు నాకు మిక్కిలి నచ్చిన విషయ మొక్కటి. పాడువారిని పని మానినవారిగా నెవ్వరును లెక్కింపలేదు. పాటయు నొక పనియే. మేజోడు కాలికి వెచ్చదన మిచ్చినట్లు పాట చేతికి నోపిక యిచ్చును. మేజోడు కొన్ని నెలలలో నరిగిపోవును. పాట విన్నక్షణముననే గాలిలో గలసిపోవును. రెండును నిలువనివే. అయినను ఆ రెంటివలననే ఆ జనులును, ఆ జనుల భాషయు నిలిచినవి. ఏడెనిమిదివందల యేండ్లనాటి కథలను ఐస్లాండువారు నేటికిని పెద్ద ప్రయాస లేకయే చదువుకొనగలుగుచున్నారు. అందులకు గల కారణములలో ఈ సాయంకాలములును నొకటియని నా తలంపు.

ఇంతమాత్రమున ప్రాచీనకాలమంతయు బంగారుకాలమని భ్రమపడరాదు. భూమి లేనివారు ఏదో యొక రైతుయింట ఏడాదిసేవకులుగా నుండితీరవలెనను శాసనము ఆ దేశమున పంతొమ్మిదవ శతాబ్ది చివరివఱకు నుండెను. పాట వినిపించుట పనివారికి నిద్ర రాకుండ జేయుటకుగూడ నుపయోగపడినది. అల్లిన మేజోళ్ల లాభము యజమానునిదే గాని పనికత్తెది గాదు. ఈ దోషము నొప్పుకొనియు నొక్కమాట చెప్పవలసియున్నది. యజమానుడును దాసియు నొక్క దీపమున కెదుట నొక్కపనియే చేసిరి గావున, ఆ పని యెంతటి కష్టమో యజమాను డెఱుగును. ఆ యెఱుకయే ముఖ్యము. కంటబడని పనిని మనుష్యుడు లెక్కింపజాలడు.

ఈ యెఱుక పట్టణములలో నెట్లు సన్నగిల్లినదో చూడుడు. రేక్యావిక్ నడిబొడ్డునకు సుమారు మూడు కిలోమీటర్ల దూరమున వేడినీటి బుగ్గలు గలవు. పంతొమ్మిదవ శతాబ్దిలో పట్టణపు స్త్రీలు, అందు ముఖ్యముగా పనికత్తెలు, మాసిన బట్టల మూటను, తొట్టిని, సబ్బును వీపున వేసికొని, శీతకాలమునందును మంచులో, చీకటిలో నచటికి నడచిపోయి, దినమంతయు నుతికి, తడిసి మఱింత బరువెక్కిన బట్టలతో మరల నడచివచ్చెడివారు. మరుగునీట జారిపడి ప్రాణములు గోల్పోయినవారును గలరు. వారి నడక సులభమగుటకై 1885వ సంవత్సరమున పురపాలకులు బాట వేయింప నిశ్చయించిరి. ఆ బాటకు 'లౌగావెగుర్', అనగా బుగ్గలబాట, అని పేరు వచ్చినది. నేడది ఆ నగరమున మిక్కిలి పేరుగన్న అంగళ్లవీథి. వీథి పేరు నిలిచినది. దానిని ముందుగా తమ పాదములతో దిద్దినవారి పేర్లను వ్రాసి యుంచుట యెవ్వరికి నక్కఱలేకపోయినది.

1930వ సంవత్సరమున ఆ బుగ్గల నీటినే గొట్టములద్వారా పట్టణమునకు దెచ్చి పాఠశాలను, కొన్ని యిండ్లను వెచ్చజేసిరి. నేడు ఆ దేశమున నూటికి దాదాపు తొంబది యిండ్లకు భూగర్భపు వేడిమియే యాధారము. ఇండ్లలో వాడగా గోరువెచ్చనైన నీటిని నగరమధ్యమునందలి కాలిబాటల క్రింద ప్రవహింపజేసి మంచు కరగించుచున్నారు. స్త్రీలు మూటలతో వేడినీటియొద్దకు నడచిన కాలము పోయి, వేడినీరే యింటికి నడచివచ్చు కాలము వచ్చినది. ఇది గొప్ప యుపకారము. యంత్రములు వచ్చినచో గృహిణులు సోమరులగుదురని వాదించు పెద్దలు ఆ తడిబట్టల మూట నొక్కసారి మోసి చూచుట మంచిది. కాని గొట్టము బరువును దించినదే గాని లెక్కను సరిచేయలేదు. బట్ట లుతుకుట సులభమైనను ఉతుకవలసినవా రెవ్వరను ప్రశ్న యెప్పటివలెనే యుండెను. మునుపు బాటమీద నలుగురి కంటబడు కష్టము ఇప్పుడు నాలుగు గోడల నడుమ చేరి మఱింత మఱుగుపడెను.

ఆ మఱుగు తొలగిన దినమొకటి గలదు. అది 1975వ సంవత్సరము అక్టోబరు 24వ తేది, శుక్రవారము. ఐస్లాండు పంచాంగమునుబట్టి మరునాడే శీతకాలప్రవేశము. ఆ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి స్త్రీల సంవత్సరముగా ప్రకటించియుండెను. ఆ దినమున దేశమునందలి స్త్రీలలో నూటికి తొంబదిమంది పని మానిరి. కచేరీలలోను, చేపల కార్ఖానాలలోను, పాఠశాలలలోను మానుటయే గాక ఇండ్లలోను మానిరి. వంట లేదు, అంట్లు తోముట లేదు, బిడ్డల నరయుట లేదు. సమ్మె యను మాట కొందఱికి కటువుగా దోచునని దానికి 'స్త్రీల సెలవుదినము' అని పేరు పెట్టిరి. మొత్తము జనసంఖ్య రెండులక్షల యిరువదివేలకు మించని దేశమున రాజధానియందలి కూడలిలో సుమారు ఇరువదియైదువేలమంది గూడిరి. తండ్రులు బిడ్డలను వెంటబెట్టుకొని కచేరీలకు బోయిరి. చిటికెలో వండుటకు వీలగు సాసేజీలు అంగళ్లలో నిండుకొనినవి. రేడియోలో వార్తలు చదువుచుండగా వెనుకనుండి పిల్లల సందడి వినవచ్చెనట! తరువాత కొందఱు మగవారు ఆ దినమును 'దీర్ఘశుక్రవారము' అని పిలిచిరి.

చదువరులారా! ఇందలి భావ మూహింపుడు. ఆ దినమున కావ్యము వ్రాయని కవి నెవ్వరును వెదకలేదు. ఆ దినమున రాతిపై రాయి పెట్టని శిల్పివలన నెవ్వరికిని పస్తు గలుగలేదు. నిలిచియుండు పనులు ఒక దినము మానినను లోకమునకు దెలియదు. నిలువని పని యొక్కదినము మానగనే దేశము దేశమే నిలిచిపోయినది. మఱుసటి సంవత్సరముననే ఆ దేశపు శాసనసభ స్త్రీపురుషుల సమానత్వమునుగూర్చి చట్టము చేసెను. 1980లో విగ్దీస్ ఫిన్‌బొగదోత్తిర్ అను నామె రాష్ట్రపతిగా నెన్నికయ్యెను. ప్రజల యోటుచే దేశాధ్యక్షపదవి నందిన స్త్రీలలో నామె ప్రపంచమునకే మొదటిది. అయినను లెక్క పూర్తిగా తీఱలేదు. 2023వ సంవత్సరమున అదే తేదిని మరల స్త్రీలు దినమంతయు పని మానిరి. అప్పటి ప్రధానమంత్రిణి కత్రీన్ యాకొబ్స్‌దోత్తిర్ తానును వారితో జేరెను.

ఇచట కొందఱు పెద్ద లిట్లాక్షేపింతురు: "తల్లి బిడ్డకు బెట్టు ముద్దకు పద్దు వ్రాయుటయా? అవ్వ మనుమని కల్లిన చొక్కాకు వెల కట్టుటయా? ఇది ప్రేమను బజారున కీడ్చుట గాదా?" ఈ యాక్షేపణము తేలికగా త్రోసివేయదగినది గాదు. ఐస్లాండులో క్రిస్మసు పండుగకు ముందు 'ఆకురొట్టె' యను నొక పిండివంట చేయుదురు. పిండిని మిక్కిలి పలుచగా నొత్తి, తాతలును మనుమలును ఒక్క బల్లచుట్టు గూర్చుండి, చిన్నకత్తులతో నందు ఆకులవంటి చిత్రములు గోసి, కొవ్వులో వేచుదురు. సగముదినము కోసిన చిత్రము రెండు కొఱుకులలో మాయమగును. దానికి పద్దు వ్రాయుమని నేను గాని మఱియొకరు గాని కోరము. ఏల? అచట పని పంచుకొనబడినది. ఎవరు ఎంత చేసిరో అందఱును కన్నులార జూచిరి. ఇట్టిచోట ప్రేమయే చాలిన లెక్క.

పంచుకొనని పనికి ప్రేమ యని పేరు పెట్టుట మాత్రము అప్పు నెగవేయుట వంటిది. అప్పు తీర్పనొల్లనివాడు అప్పిచ్చినవానిని దాతయని, ధర్మరాజని పొగడినట్లు, మనము ఇల్లాలిని గృహలక్ష్మి యని పొగడుచు, పుష్యమాసపు వేకువను చన్నీటితో నామెచేతనే అంట్లు తోమించుచున్నాము. పొగడ్త సుళువు; గిన్నె తోముట కష్టము. గనుకనే మొదటిదానిని మన మిచ్చి రెండవదాని నామెకు విడిచితిమి. వెల కట్టినచో ప్రేమ చల్లారు ననుటకును నిదర్శనము కానరాదు. తాము చేతితో నల్లిన చొక్కాలకు దామే గుణనియమము లేర్పఱచుకొని, తామే యమ్ముకొనుటకై ఐస్లాండు స్త్రీలు 1977లో నొక సంఘమును స్థాపించుకొనిరి. వెల వచ్చినంతమాత్రమున ఆ చొక్కాల వెచ్చదనము తగ్గలేదు.

ఇంటిలోని లెక్క యిట్లుండ, వీథిలోని లెక్క యెట్లున్నది? దీనికి పొరుగుననున్న మఱొక మంచుదేశము, స్వీడను, ఉదాహరణముగా నిలుచును. మంచు కురిసిన యుదయమున మొదట ఏ బాటను శుభ్రపఱుపవలెను? కార్లు పోవు పెద్దబాటలను మొదట, నడకదారులను చివర, అనుట బహుకాలమునుండి యెల్లెడల నలవాటు. అందు పక్షపాత మేమియు నున్నట్లు చేసినవారికిగూడ దోపలేదు. 2011 ప్రాంతమున కార్ల్‌స్కూగా అను పట్టణపువారు తమ పద్ధతులను పరీక్షించుకొనుచు నీ సంగతి కనిపెట్టిరి: కార్లలో పనికి బోవువారిలో మగవారెక్కువ, బిడ్డబండి త్రోయుచు, సంచి మోయుచు, నడచియో బస్సెక్కియో పోవువారిలో స్త్రీలెక్కువ. మూడంగుళముల మంచులో కారు నడపుటకంటె బిడ్డబండి త్రోయుట కష్టము. మంచుపై జారి యెముకలు విఱుగగొట్టుకొని వైద్యశాల కెక్కువగా వచ్చువారును నడచువారే. అంతట వారు వరుసను మార్చి నడకదారులను ముందు శుభ్రపఱుపసాగిరి. పారయు నదే, బండియు నదే. వరుస మాత్రమే మాఱినది. ఈ మార్పున కంతటను మేళతాళములతో స్వాగతము లభింపలేదు. 2016 నవంబరులో స్టాక్‌హోము నగరమున నపరిమితముగా మంచు కురిసి రాకపోకలు స్తంభింపగా, దీనికంతకును ఈ క్రొత్త వరుసయే కారణమని కొందఱు పరిహసించిరి. ఒక్క తుపానువలన నొక ధర్మము అధర్మము గాదు. ఎవరి దారి ముందను ప్రశ్న నొకసారి యడిగిన పిమ్మట, అది యుండనే లేదనుట మఱి సాధ్యము గాదు.

ఇంతకును తేలిన దేమి? నిలువని పని తక్కువ పని యనుట పొరపాటు. నిలిచియున్న వానినెల్ల నిలుపుచున్నది ఆ పనియే. శిల్పి కడుపున నన్నము లేనిచో గుడి లేవదు. కవి చేతివ్రేళ్లు చలికి కొంకరవోయినచో కావ్యము సాగదు. కావున మూడు విషయములు మన యిండ్లలో నాచరింపదగియున్నవి. మొదటిది, ఆ పనిని కన్నెత్తి చూచుట. రెండవది, చూచినదానిని పంచుకొనుట. మూడవది, పంచుకొన వీలుగానిచో న్యాయమైన లెక్క గట్టుట. పొగడ్త ఈ మూటిలో నేదానికిని బదులు గాదు.

నా సంగతి గూడ చెప్పకుండుట న్యాయము గాదు. ఈ వ్యాసము వ్రాయుచుండగా నా బల్లమీదికి మూడుమాఱులు కాఫీ వచ్చినది. మొదటిది నా భార్య తెచ్చినట్లు జ్ఞాపకము. రెండవది యెవరు తెచ్చిరో, మూడవది యెవరు తెచ్చిరో నేను తలయెత్తి చూడలేదు. ఐస్లాండు స్త్రీల కష్టమునుగూర్చి వ్రాయు తొందరలో నుంటిని! వ్రాత ముగించి చూడగా మూడు గ్లాసులు బల్లపై నొకదాని ప్రక్క నొకటి యున్నవి. వానిని గొనిపోయి తోమి బోర్లించితిని. ఇది చెప్పుకొనదగినంత ఘనకార్యము గాదు. రేపు మరల తోమవలసియుండును.