పసరును మంత్రమును



మిరపకోతల కాలమున మన పల్లెలలో పాము కరచుట క్రొత్త కాదు. కరచినవానిని ఎక్కడికి తీసికొనిపోవలెనని వెంటనే వాదము పుట్టును. మంత్రగానియొద్దకని ఒకరు, విశ్వాసి అట్టివాని గడప త్రొక్కరాదని మరియొకరు. ఈ వాదములో పోయిన గడియలే ప్రాణము తీయుచున్నవి.

నాటువైద్యుడు చేయునదెల్ల దయ్యపుపని యనుట పొరపాటు. హిజ్కియా పుండుమీద యెషయా అంజూరపుపండ్ల ముద్ద కట్టించెను గదా. సర్పగంధి వేరును మన పూర్వులు పిచ్చికిని నిద్రలేమికిని ఇచ్చుచుండిరి. అది రక్తపుపోటును తగ్గించునని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీలు 1949లో ప్రకటించెను. 1952లో స్విట్జర్లాండు రసాయనశాస్త్రజ్ఞులు దానినుండి రిసర్పిన్ అను మందును వేరుచేసిరి. పల్లెటూరి వేరు లోకమందలి ఆసుపత్రులకు చేరినది.

అయితే ఆ వేరునే పాముకాటుకును ఇచ్చుచుండిరి. అక్కడ అది పనికిరాదు. చేయి ఒకటే, వేరు ఒకటే. ఒక మాట నిజము, ఒక మాట కాదు.

మంత్రముచే బ్రదికినవారు లేరా యందువా? కరచు పాములలో అనేకములు విషము లేనివి. విషసర్పము సైతము ఒక్కొక్కప్పుడు విషమెక్కింపకయే కరచును. కామెర్ల పసరు సంగతియు ఇంచుమించు ఇట్టిదే. కలుషితమైన నీటివలన వచ్చు కామెర్లు అనేకులకు కొన్ని వారములలో తమంతట తామే తగ్గును. పసరు పోసినవాడు మోసగాడు కానక్కరలేదు. తాను కన్నులార చూచినదానినే నమ్మినాడు, పాపము.

ఆకుమందు హాని చేయదనుటయు నిజము కాదు. ఈశ్వరవేరులో మూత్రపిండములను చెడగొట్టు పదార్థము కలదు. ఇక నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి విషమునకు గుఱ్ఱపు రక్తమునుండి తీసిన విరుగుడు సూదియే మందు. 2000 మొదలు 2019 వరకు మన దేశమున పాముకాటుచే సుమారు 12 లక్షలమంది చనిపోయిరని పరిశోధకులు లెక్కగట్టిరి. వారిలో అత్యధికులు పల్లెవారే.

నేనెరిగిన ఒక వృద్ధురాలు పిల్లల దగ్గుకు కషాయము కాచి ఇచ్చును, పైసా పుచ్చుకొనదు. ఆమెను ప్రభువు బల్లకు రానీయరాదని సంఘములో కొందరు పట్టుబట్టిరి. అప్పుడు నోరు మెదపనివారిలో నేనును ఒకడను. ఆ వారమే ఒక కూలివానిని పాము కరచెను. తమ్ముడు ఆమె గుడిసెకే పరుగెత్తెను. "నాయనా, ఇది నా చేతిపని కాదు, ముందు 108కి ఫోను చేయించు" అని ఆమె తానే చేనికి వచ్చి, కాటు కోయనీయక, తాడు బిగింపనీయక, అతనిని కదలనీయక, బండి వచ్చువరకు కూర్చుండెను. ఆదివారము ఆమె బల్లకు రాలేదు. ఆసుపత్రిలో అతని మంచముప్రక్కనే యుండెను.