గుర్తు నుంచి కారణానికి

కార్యాన్ని చూసి కారణాన్ని నిశ్చయించవచ్చా అన్న ప్రశ్నను భారతీయ తార్కికులు శతాబ్దాలపాటు పొగనూ నిప్పునూ ఉదాహరణగా పెట్టుకుని చర్చించారు. ఆ ప్రశ్న మనిషి ఒంటి మీదికి వచ్చినప్పుడు దాని బరువు మారుతుంది, ఎందుకంటే అక్కడ తప్పుడు అనుమానానికి మూల్యం చెల్లించేది రోగి. చర్మంలో మొదలై శోషరస నాళాల వెంట పైకి పాకే అంటువ్యాధులు ఈ ప్రశ్నను సూటిగా ముందుకు తెస్తాయి.

కాలికి ముల్లు విరిగితే గజ్జల్లో, చేతికి గాయమైతే చంకలో ‘బిళ్ల కట్టింది’ అనడం తెలుగు పల్లెల్లో వాడుక. గాయం ఒకచోట, వాపు మరొకచోట ఉన్నా రెంటికీ సంబంధం ఉందని జనం ఏనాడో కనిపెట్టారనడానికి ఆ మాటే సాక్ష్యం. కణజాలంలో ఊరి రక్తనాళాల్లోకి నేరుగా తిరిగి చేరని ద్రవమే శోషరసం. దాన్ని మోసే సన్నని నాళాలు, దారిలో వడపోతకు నిలిచిన గ్రంథులు కలిసి ఒక వ్యవస్థ అవుతాయి. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయలుదేరి కర్నూలు, కడప సీమలను కలిపే కె.సి. కాలువలో నీరు ఒకే దిక్కుకు సాగినట్టు, ఈ ద్రవం కూడా కాళ్లూ చేతుల చివరల నుంచి గుండె వైపే సాగుతుంది. కాలువ చివర బురద నీరు కనిపించినప్పుడు అది వచ్చిన దారి తెలుస్తుంది గాని, ఆ బురద నదిదా, నడుమ కలిసిన వాగుదా అన్నది రంగు చూసి తేలదు.

రాయలసీమలో చేను గట్టున కంప కొట్టే కూలీ వేలికి ముల్లు గుచ్చుకుంటుంది అనుకుందాం. కొన్ని వారాలకు అక్కడ నొప్పిలేని చిన్న గడ్డ లేచి పుండవుతుంది. ఆ తర్వాత మణికట్టు మీద ఒకటి, ముంజేతి మీద రెండు, మోచేతి దగ్గర మరొకటి, దారానికి గుచ్చిన పూసల్లా వరుసగా లేస్తాయి. ఈ వరుసను చూడగానే వైద్యగ్రంథం చదివినవారికి ముందుగా స్ఫురించేది స్పోరోథ్రిక్స్ అనే శిలీంధ్రం, అంటే బూజు జాతి సూక్ష్మజీవి. అయితే మట్టిలో ఉండే నోకార్డియా, చేపల తొట్లలోనూ నీటిలోనూ బతికే మైకోబాక్టీరియం మెరైనమ్, ఇసుక ఈగ కాటుతో వచ్చే లీష్మానియా, ఒక్కొక్కప్పుడు క్షయ కూడా ఇదే వరుసను గీయగలవు. గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో ఎర్రటి చారగా పాకి జ్వరం తెచ్చేది ఎక్కువగా స్ట్రెప్టోకోకస్ అనే బాక్టీరియా. కాబట్టి ఎంత కాలంలో పాకిందన్నదీ, ఏ నేలలో పుట్టిందన్నదీ కూడా ఆధారాలే. మన దేశంలో స్పోరోథ్రిక్స్ ఎక్కువగా కనిపించేది తేమగల హిమాలయ పాద ప్రాంతాల్లో అయినప్పుడు, ఎండిన రాయలసీమలో తొలి స్ఫురణనే తీర్పుగా తీసుకోవడం తొందరపాటు అవుతుంది.

ఈ తొందరపాటులోని దోషానికి భారతీయ న్యాయదర్శనం పెట్టిన పేరు సవ్యభిచారం, అంటే నిరూపించదలచిన సాధ్యం లేనిచోట కూడా కనిపించే హేతువు. 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో వివరించిన హేత్వాభాసాల్లో, అంటే హేతువుల్లా తోచే దోషాల్లో, ఇది ఒకటి. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది గాని, నిప్పు ఉన్న ప్రతిచోటా పొగ ఉండదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పే తప్ప పొగ లేదు. పొగ రావాలంటే తడి కట్టె తోడవాలి. ఆ అదనపు నియమాన్నే ఉపాధి అన్నారు. గడ్డల వరుస నిరూపించేది ప్రాణమున్నదేదో చర్మం దాటి శోషరసపు దారి పట్టిందన్నంత మాత్రమే. అది ఏదన్నది తేల్చే తడి కట్టె మరొకచోట, రోగి చేసే పనిలో, తాకిన మట్టిలో, దిగిన నీటిలో, చివరికి ప్రయోగశాలలో వెతకవలసి ఉంటుంది.

ప్రయోగశాలలో కూడా చూపు మోసపోగలదు. గడ్డ నుంచి తీసిన ముక్కనంతా ఫార్మలిన్‌లో వేస్తే అందులోని సూక్ష్మజీవి చచ్చిపోయి ఇక పెరగదు. అందుకే ఒక భాగాన్ని విడిగా, శుభ్రమైన ఉప్పునీటిలో పంపాలి. స్పోరోథ్రిక్స్ 25 డిగ్రీల దగ్గర దారపు పోగుల్లా, 37 డిగ్రీల దగ్గర గుండ్రని లేదా పొడవాటి కణాలుగా పెరుగుతుంది. మైకోబాక్టీరియం మెరైనమ్ 30 డిగ్రీల దరిదాపుల్లో బాగా పెరిగి, క్షయ క్రిమికి అనువైన 37 డిగ్రీల వేడిలో సరిగా పెరగక, లేదనిపించుకుంటుంది. కనిపించకపోవడం లేకపోవడానికి రుజువు కావాలంటే, ఉంటే కనిపించి తీరవలసిన పరిస్థితి ముందుగా ఉండాలని మన దార్శనికులు యోగ్యానుపలబ్ధి అన్న మాటతో నియమం పెట్టారు. చీకటి గదిలో కుండ కనపడలేదని కుండ లేదనడం ఎంత తప్పో, తగని వేడిలో పెంచి క్రిమి లేదనడమూ అంతే తప్పు.

రోగాన్ని పూర్వజన్మ కర్మకు ముడిపెట్టే విశ్వాసం కూడా ఈ వెలుగులోనే పరిశీలించదగినది. ఆ విశ్వాసం బాధకు అర్థం చెప్పి ఓర్పును ఇవ్వవచ్చు; కాని ప్రతి రోగానికీ ఒకేలా వర్తించే కారణం ఏ రెండు రోగాలనూ వేరు చేయలేదు గనుక, ‘ఏది’ అన్న ప్రశ్నకు అది జవాబు కాజాలదు. చరకసంహిత కర్మను కాదనలేదు. అయినా ఒకే లక్షణం అనేక రోగాలకు ఉండవచ్చునని హెచ్చరించి, దైవంతోపాటు, అంటే పూర్వకర్మతోపాటు, పురుషకారానికీ, అంటే మానవ ప్రయత్నానికీ, ఆయువులో భాగమిచ్చింది. అలాంటి ప్రయత్నానికి ఒక ఉదాహరణ: 1941–44 నడుమ దక్షిణాఫ్రికాలోని విట్వాటర్స్‌రాండ్ బంగారు గనుల్లో దాదాపు 3,000 మంది కార్మికులకు స్పోరోథ్రిక్స్ సోకినప్పుడు, గని కప్పును మోసే కలప మీద ఆ శిలీంధ్రాన్ని గుర్తించి, కలపకు మందు పట్టించి వ్యాప్తిని అరికట్టారు. కారణం కలపలో ఉందని తేలడం వల్లనే ఇంకా జబ్బు పడనివారికీ రక్షణ దొరికింది.

కాబట్టి సంశయాన్ని తేలేవరకు నిలుపుకోవడం జ్ఞానానికి లోపం కాదు, జ్ఞానానికి మొదటి మెట్టు. వేలి మీది పుండును చూసి ముంజేతి దాకా తడిమి, ఏ చేనులో పని, ఏ చెరువులో చేపలు, ఎన్ని వారాలైంది అని అడిగే వైద్యుని ఓపికలో ఈ తర్కశాస్త్రమంతా ఉంది. కర్మను నమ్మే రోగికైనా, నమ్మని రోగికైనా ఆ ఓపిక సమానంగా బాకీ.