చనిపోయినవారి మంచిపేరు

చనిపోయిన మనిషికి మంచిపేరు అనే ఆస్తి ఇంకా మిగిలి ఉంటుందా? అతనిపై పడిన నింద అబద్ధమైతే, దాన్ని తుడవవలసిన బాధ్యత బ్రతికి ఉన్నవారికి ఉందా? ఐదు వందల ఏళ్ళ క్రితం పోయినవాడి విషయంలో కూడా ఉందా?

'చచ్చినవాడి కళ్ళు చారెడు' అని మన సామెత. పోయినవారిని పొగడటం లోకరీతి. ఇంగ్లండు రాజు మూడవ రిచర్డు విషయంలో మాత్రం ఇది తలక్రిందులైంది. చనిపోయాక అతనికి కథల్లో గూని పెరిగింది, చెయ్యి ఎండిపోయింది, పసిపిల్లల హంతకుడన్న ముద్ర స్థిరపడిపోయింది.

సంగతి ఇది. 1483 ఏప్రిల్ 9న నాలుగవ ఎడ్వర్డు రాజు మరణించాడు. వారసుడైన పెద్ద కుమారుడికి 12 ఏళ్ళు, చిన్నవాడికి 9 ఏళ్ళు. సంరక్షకుడుగా నిలిచిన పినతండ్రి రిచర్డు, ఆ పిల్లల తల్లిదండ్రుల వివాహం చెల్లదన్న వాదంపై జూన్ నెలలో తానే సింహాసనం ఎక్కాడు. లండన్ టవర్ కోటలో ఉన్న పిల్లలిద్దరూ ఆ తర్వాత కొద్దికాలానికే ఎవరి కంటా పడకుండా పోయారు. 1485 ఆగస్టు 22న బాస్‌వర్త్ యుద్ధంలో రిచర్డు హతుడయ్యాడు. గెలిచిన హెన్రీ ట్యూడర్ రాజయ్యాడు. ఓడినవాడి చరిత్రను గెలిచినవారి కాలంలో రాశారు.

అలా రాసినవారిలో ముఖ్యుడు మనం గౌరవించే పునీత థామస్ మోర్. సత్యం కోసం 1535లో తల ఇచ్చిన మహనీయుడు. అయితే 1483లో ఆయన అయిదేళ్ళ బాలుడు. ఏదీ కళ్ళారా చూసినవాడు కాదు. బాల్యంలో కొంతకాలం ఆయన జాన్ మోర్టన్ అనే పీఠాధిపతి ఇంట సేవకుడుగా ఉన్నాడు. ఆ మోర్టన్‌ను రిచర్డు చెరలో పెట్టించాడు. మోర్ అబద్ధమాడాడని కాదు. 'అలా అంటారు' అని ఆయనే పలుచోట్ల జాగ్రత్తపడ్డాడు. ఆ గ్రంథాన్ని పూర్తి చేయలేదు, తన జీవితకాలంలో అచ్చు వేయించనూ లేదు. తరువాతివారి చేతుల్లో 'అంటారు' అన్న మాట రాలిపోయింది. షేక్స్‌పియర్ నాటకంతో ఆ కథ లోకానికి చరిత్రే అయిపోయింది.

దీన్ని ప్రశ్నించినవారిలో చాలామంది చరిత్ర బోధన వృత్తిగా గలవారు కారు. 1768లో హొరేస్ వాల్పోల్ అనే రచయిత తన సందేహాలను పుస్తకంగా వెలువరించాడు. 1924లో లివర్‌పూల్ శస్త్రవైద్యుడు సాక్సన్ బార్టన్ కొందరు మిత్రులతో ఒక సంఘం పెట్టాడు. అదే నేటి మూడవ రిచర్డు సొసైటీ. 1951లో జోసెఫిన్ టే రాసిన నవలలో ఆసుపత్రి మంచం మీద ఉన్న పోలీసు అధికారి ఈ కేసును తిరగదోడతాడు. అది చదివి ఎందరో ఈ పనిలోకి దిగారు. వీరు అడిగినవి మామూలు ప్రశ్నలే. చూసినవారెవరు? ఎప్పుడు రాశారు? ఎవరి మెప్పు కోసం రాశారు? తగవు తీర్చే పెద్దమనిషి ఎవరైనా మొదట అడగవలసిన ప్రశ్నలే ఇవి.

'పోయినవాడి కోసం ఇంత శ్రమ ఎందుకు?' అని మీరు అడగవచ్చు. శ్రీసభ స్వయంగా ఆ శ్రమ పడింది. 1431లో జోన్ ఆఫ్ ఆర్క్‌ను మతద్రోహిగా తీర్పు చెప్పి కాల్చివేశారు. ఆమె తల్లి ఊరుకోలేదు. పోపుగారి అనుమతితో కేసు మళ్ళీ విచారించారు. 1456లో ఆ తీర్పు చెల్లదని ప్రకటించారు. 1920లో ఆమె పునీతురాలయింది. బూడిదై 25 ఏళ్ళు గడిచిన బిడ్డకు న్యాయం జరగాలని ఆ తల్లి కోరింది. అది వృథా అని ఎవరు అనగలరు? మృతులు లేనివారు కారని మన విశ్వాసం. వారి కోసం పూజలు చేయిస్తాం, సమాధులపై దీపాలు పెడతాం. అబద్ధసాక్ష్యం పలుకరాదన్న ఎనిమిదవ ఆజ్ఞ సమాధి దగ్గర ఆగిపోదు.

అయితే సత్యాన్ని వెదికేవాడు సత్యం ఏం చెప్పినా వినడానికి సిద్ధపడాలి. సినిమా రచయిత్రి ఫిలిప్పా లాంగ్లీ పట్టుదలకు సొసైటీ సభ్యుల చందాలు తోడై, లెస్టర్ విశ్వవిద్యాలయ నిపుణులు 2012 ఆగస్టులో ఆ పట్టణంలోని ఒక కార్ల పార్కింగ్ స్థలాన్ని తవ్వారు. ఒకప్పుడు అక్కడ ఫ్రాన్సిస్ సభవారి మఠ దేవాలయం ఉండేది. ఒక అస్థిపంజరం బయటపడింది. రిచర్డు సోదరి సంతతివాడైన ఒక వడ్రంగి డి.ఎన్.ఏ.తో కూడా పోల్చి, అది రిచర్డుదేనని 2013 ఫిబ్రవరి 4న ప్రకటించారు. రాజు ఎముకలను నదిలో పారవేశారన్న పాత కథ అబద్ధమని తేలింది. ఎండిన చెయ్యి కూడా కల్పనే. కానీ వెన్నెముక మాత్రం పక్కకు వంగి ఉంది! వంకర అంతా శత్రువుల సృష్టి అని వాదించిన అభిమానులు ఎందరో. వారు పిలిపించిన సాక్షే కొంత వారికి అనుకూలంగా, కొంత ప్రతికూలంగా చెప్పింది.

ఇంకొక ప్రమాదం ఉంది. రిచర్డు హంతకుడు కాకపోతే మరెవరు? కొందరు బకింగ్‌హామ్ ప్రభువు అన్నారు, కొందరు హెన్రీ ట్యూడర్ అన్నారు, కొందరు హెన్రీ తల్లి అన్నారు. వీరూ చనిపోయినవారే, వీరికీ మంచిపేరు ఉంది. ఒకరి ముఖాన ఉన్న మసి తుడిచి మరొకరికి పులిమితే అది న్యాయమా? 1992 నాటి శ్రీసభ సత్యోపదేశ గ్రంథం ప్రకారం, తగిన ఆధారం లేకుండా పొరుగువాడి తప్పును మనసులో నిజమని నమ్మడం కూడా తప్పే.

అలాగని ఏదీ చెప్పకూడదా? అప్పుడు దోషులే లాభపడతారు కదా! రుజువైనది ధైర్యంగా చెప్పాలి. 1483 జూన్ 13న హేస్టింగ్స్ ప్రభువును విచారణ లేకుండా రిచర్డు తల తీయించాడు. అదే రిచర్డు 1484 పార్లమెంటులో, అనుమానంపై పట్టుబడినవారికి జామీను ఇచ్చే చట్టం, నేరం రుజువు కాకముందే వారి సొత్తు లాక్కోరాదన్న చట్టం చేయించాడు. రెండూ నిజాలే. తన సంరక్షణలో ఉన్న పిల్లలు కనబడకుండా పోయినందుకు అతడు జవాబుదారీ అన్నదీ నిజమే. చంపించాడా అన్నది మాత్రం నేటికీ తేలలేదు. పిల్లలు బ్రతికే ఉన్నారనడానికి 1487 నాటి ఒక రసీదును లాంగ్లీ బృందం 2023లో చూపింది. చాలామంది చరిత్రకారులు ఒప్పుకోలేదు. మోర్ కథనానికి బలమిచ్చే 1516 నాటి ఒక వీలునామాను ఆచార్య టిమ్ థార్న్‌టన్ 2024లో వెలికి తీశారు. అందులో ఆ బాలరాజు గొలుసు ప్రస్తావన ఉంది. అదీ హత్యకు రుజువు కాదు.

ఈ వాదోపవాదాల్లో మనం మరచిపోయేది ఆ ఇద్దరు పిల్లలనే. వారికి జరగవలసిన న్యాయం రిచర్డును ప్రేమించడమూ కాదు, ద్వేషించడమూ కాదు. జరిగినది తేలేవరకు ఓపిక పట్టడం.

2015 మార్చి 23న లెస్టర్‌లోని హోలీ క్రాస్ దేవాలయంలో, అప్పటి వెస్ట్‌మినిస్టర్ అగ్రపీఠాధిపతి కార్డినల్ విన్సెంట్ నికోల్స్ రిచర్డు ఆత్మశాంతికై దివ్యపూజ సమర్పించారు. ఆ పూజ అతడిని నిర్దోషి అని ప్రకటించలేదు, దోషి అనీ అనలేదు. ఒక పాపిని దేవుని కనికరానికి అప్పగించింది.

ప్రియ పాఠకులారా! మన ఇళ్ళలో సంబంధాలు మాట్లాడుకునేటప్పుడు 'వాళ్ళ తాత అలాంటివాడట' అన్న ఒక్క మాటతో ఎన్ని పెళ్ళిళ్ళు ఆగిపోలేదు? 'నిప్పు లేనిదే పొగ రాదు' అని తీర్మానించేస్తాం. ఈసారి అలాంటి మాట వినబడితే, 'చూసినవారెవరు?' అని అడుగుదాం. జవాబు దొరకకపోతే, 'మనకు తెలియదు' అని చెప్పి అక్కడే ఆపుదాం. ఆ తాత తన పక్షాన మాట్లాడలేడు. ఆయన కోసం మనం చేయగలిగిన న్యాయం అదే.