వోల్టేజి ఎక్కడ ఉంటుంది?

ఏకాంక ధనావేశాన్ని అనంత దూరం నుంచి ఒక బిందువు దాకా తీసుకురావడానికి చేయాల్సిన పనే ఆ బిందువు వద్ద విద్యుత్ పొటెన్షియల్. కూలుంబుకు ఒక జౌలు పని అవసరమైతే అది ఒక వోల్టు. ఇంటర్ విద్యార్థి కంఠస్థం చేసే ఈ నిర్వచనంలో పెద్ద తాత్త్విక ప్రశ్నే ఉంది. ఆవేశాన్ని ఎవరూ తేనప్పుడు, పనేదీ జరగనప్పుడు, ఆ చోట నిజంగా ఉన్నదేమిటి? స్విచ్చి వేసి, ఏమీ తగిలించకుండా వదిలేసిన సాకెట్టులో కరెంటు పారదు. అయినా అందులో 230 వోల్టులు ఉన్నాయంటారు.

భారతీయ దర్శనాల్లో ఇది పాత వివాదమే. నిప్పు దగ్గర ఒక విశేషమైన మణిని ఉంచితే అది కాల్చదని, తీసేస్తే మళ్లీ కాలుస్తుందని పూర్వులు ఉదాహరణ చెప్పేవారు. నిప్పు మారలేదు, ఫలితం మారింది. కాబట్టి నిప్పుకు వేరుగా ‘శక్తి’ అనే పదార్థం ఉందని ప్రాభాకర మీమాంసకుల వాదం. నైయాయికులు ఒప్పుకోలేదు. తర్కసంగ్రహం రాసిన తెలుగువాడు అన్నంభట్టు, దానికి తానే రాసుకున్న దీపికలో ఈ వాదాన్ని ఖండించాడు. మణి లాంటి ప్రతిబంధకం లేకపోవడం కూడా కార్యానికి ఒక కారణమే. ఆ మాట ఒప్పుకుంటే అదనపు పదార్థంతో పని లేదు.

సాకెట్టు విషయంలో అన్నంభట్టు వైపే మొగ్గు కనిపిస్తుంది. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్యనున్న గాలి ప్రతిబంధకం. దీపం తగిలిస్తే అది తొలగుతుంది. అయితే మీమాంసకుల మాటను పూర్తిగా కొట్టేయడం న్యాయం కాదు. ఆ గాలిలో విద్యుత్ క్షేత్రం ఉంది, ఆ క్షేత్రంలో శక్తి (ఎనర్జీ అనే అర్థంలో) నిల్వ ఉంది. ఏమీ జరగకపోయినా ఏదో ఉన్న మాట నిజం. కానీ అది తీగలో దాగిన సరుకు కాదు, తీగల నడుమ ఉన్న స్థితి.

హన్మకొండ వీధిలో ఏ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర చూసినా ఇది తెలుస్తుంది. పైనుంచి వచ్చే 11 కేవీ లైనులో ఆ 11 వేల వోల్టులు ఒక్క తీగవి కావు, ఏ రెండు తీగల మధ్యనైనా ఉండే తేడా. కింద ఇళ్లకు వెళ్లే ఫేజు తీగ న్యూట్రల్‌తో చూస్తే 230 వోల్టులు, పక్క ఫేజుతో చూస్తే సుమారు 400. తీగ అదే, అంకె వేరు. పైతీగ మీద వాలిన కాకి రెండు కాళ్లూ దాదాపు ఒకే పొటెన్షియల్ వద్ద ఉంటాయి కనుక దానికేమీ కాదు. రెక్క ఇనుప స్తంభానికి తగిలిందంటే ప్రాణం పోతుంది. భూమిని సున్నా అనుకోవడం మనం పెట్టుకున్న ఏర్పాటు. తేడా మాత్రం మన ఏర్పాటు కాదు.

వరంగల్‌లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల, అంటే నేటి ఎన్‌ఐటీ, పుట్టిన 1959లోనే భౌతిక శాస్త్రవేత్తలు అహరోనోవ్, బోమ్ ఈ చర్చను మళ్లీ తెరిచారు. క్షేత్రం సున్నా ఉన్న చోట కూడా పొటెన్షియల్ ఎలక్ట్రాన్ తరంగం దశను మార్చగలదని సిద్ధాంతరీత్యా చూపారు. అయస్కాంత పొటెన్షియల్ విషయంలో 1986లో జపాన్‌లో తొనొమురా బృందం దీన్ని పకడ్బందీగా రుజువు చేసింది. దీంతో పొటెన్షియల్ వట్టి లెక్కల సౌకర్యమన్న మాట బలహీనపడింది. అక్కడ కూడా కొలిచింది రెండు దారుల మధ్య దశాభేదాన్నే. ఒక్క బిందువు పొటెన్షియల్‌ను విడిగా కొలిచే సాధనం లేదు. ఎలక్ట్రీషియన్ టెస్టరు ఒకే మొనతో పనిచేస్తున్నట్టు కనిపించినా, దాని తల మీద ఆనించిన వేలు, ఆ మనిషి నిలబడ్డ నేల రెండో మొన.