తీగను దాచడం, తీగను సర్దడం

తెలుగులో ‘దాచు’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. పరుల కంట పడకుండా చేయడం ఒకటి, రేపటి అవసరానికి భద్రపరచడం మరొకటి. ఇంట్లో ఛార్జర్లనూ వాటి తీగలనూ చక్కబెట్టే పనిలో ఈ రెండూ కలగలిసిపోతాయి. గోడ మీద వేలాడే నల్ల తీగ చూడడానికి బాగుండదని బీరువా వెనక్కి నెట్టేస్తారు. అదే తీగ రాత్రికి కావాలి కాబట్టి చేతికందే చోట పెట్టుకుంటారు. మొదటిది కప్పడం, రెండవది కాపాడడం. వస్తువు కనబడకుండా పోతే ఇంటికి క్రమం వచ్చినట్టేనా, లేక అక్రమానికి ముసుగు వేసినట్టా? ఈ దేశపు దర్శనాలు శౌచం, అపరిగ్రహం, ఆవరణం అనే పేర్లతో ఎంతో కాలంగా విచారించిన ప్రశ్న ఇదే. ఛార్జరు కొత్తది, ప్రశ్న పాతది.

ఏనుగుల శిబిరంతో పేరుపొందిన కమలాపూర్ వంటి ఊళ్ళో ఈ ప్రశ్నకు బరువెక్కువ. గడ్చిరోలి జిల్లా అహేరి తాలూకాలో, సిరొంచ అటవీ విభాగంలో ఉన్న ఊరది. ఈ సరిహద్దులో తెలుగు, మరాఠీ, గోండీ మాటలు ఒకే వాకిట్లో వినిపిస్తాయి. అడవి మధ్య నుంచి వచ్చే కరెంటు తీగ మీద వానాకాలంలో ఒక కొమ్మ విరిగిపడితే చాలు, వెలుగు ఎప్పుడు తిరిగొస్తుందో చెప్పలేం. వచ్చినప్పుడు ఇంట్లోని ఫోన్లూ, టార్చిలైట్లూ అన్నీ ఒకే స్విచ్ బోర్డు చుట్టూ చేరతాయి. నగరపు ఇంట్లో తీగ అలంకారానికి అడ్డు. ఇక్కడ అది చీకటికి ముందు చేసుకునే జాగ్రత్త. అందువల్ల తీగను దాచే ప్రతి ఉపాయాన్నీ మొదట ఒక సంగతి అడగవలసి ఉంటుంది: కరెంటు పోయిన చీకట్లో చేయి దాన్ని వెతకకుండా అందుకోగలదా?

పతంజలి యోగసూత్రాల రెండవ పాదంలో అయిదు నియమాలు చెప్పాడు. వాటిలో మొదటిది శౌచం. వ్యాఖ్యాతలు దాన్ని బాహ్యమనీ ఆభ్యంతరమనీ విడదీశారు. మట్టితో, నీళ్ళతో దేహాన్ని శుభ్రం చేయడం బాహ్యం, మనసులోని మలినాన్ని కడగడం ఆభ్యంతరం. శౌచానికి ఫలంగా సూత్రకారుడు చెప్పినవాటిలో మనసు తేటపడటం, ఏకాగ్రత కుదరడం ఉన్నాయి. అంటే శుభ్రత చూసేవాళ్ళ మెప్పుకోసం కాదు, ఉండేవాళ్ళ నిమ్మళం కోసం. తెలుగు ‘చిక్కు’ అన్న ఒక్క మాటతోనే ముడిపడ్డ దారాన్నీ, ముంచుకొచ్చిన కష్టాన్నీ చెబుతుంది. నాలుగు తీగలు పెనవేసుకున్న గంపలోంచి ఒకదాన్ని లాగినప్పుడు ఈ రెండర్థాలూ ఒకేసారి అనుభవానికొస్తాయి. చిక్కుపడ్డ కుప్పను అందమైన పెట్టెలో వేసి మూత పెడితే బాహ్యశౌచం కూడా సగమే అయింది, లోపలిది మొదలే కాలేదు.

చిక్కు పడకుండా సర్దే పద్ధతి పాత ఇళ్ళకు తెలియనిది కాదు. పాలూ పెరుగూ పిల్లికి అందకుండా ఉట్టి, బట్టలకు దండెం, దీపానికి గోడలో గూడు ఉండేవి. ఏ వస్తువుకు ఆ చోటు. తీగకూ అలాంటి చోటే కావాలి. దాన్ని ఛార్జరు చుట్టూ బిగించి చుడితే, పిన్ను దగ్గర మెడ వంగిన చోట లోపలి సన్నని రాగి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. పైకి బాగానే ఉన్న తీగ పని చేయకుండా పోవడానికి ఇది ముఖ్య కారణం. అరచేయంత వెడల్పున వదులుగా చుట్టి, పాత గుడ్డపీలికతో కట్టి, మేకుకు తగిలిస్తే చాలు. పీలిక రంగును బట్టి ఎవరి తీగ ఏదో గుర్తుపట్టవచ్చు. డబ్బు పెట్టి కొనే పరికరమేదీ ఇంతకంటే మెరుగ్గా చేయదు.

సర్దడానికి ముందే తేలవలసింది అపరిగ్రహం సంగతి. పతంజలి చెప్పిన యమాలు అయిదింటిలో ఇది చివరిది. అవసరానికి మించి పోగేసుకోకపోవడమని దాని భావం. 1930లో యెరవాడ జైలు నుంచి ఆశ్రమవాసులకు రాసిన లేఖల్లో గాంధీజీ దీన్ని దొంగిలించకపోవడమనే అస్తేయంతో జోడించాడు: అవసరం లేని వస్తువును అట్టిపెట్టుకోవడమూ ఒక రకం దొంగతనమే అన్నాడు. ఈ కొలత ఛార్జర్ల సొరుగుకు కఠినంగానే తగులుతుంది. సన్నని గుండ్రటి పిన్ను, ఆ తర్వాత మైక్రో యూఎస్‌బీ, ఇప్పుడు సీ టైపు — ఫోను మారినప్పుడల్లా పాత తీగ ఇంట్లోనే ఉండిపోయింది. ఐరోపా సమాఖ్య 2024 డిసెంబరు 28 నుంచి ఫోన్లకు సీ టైపును ఉమ్మడి ప్రమాణం చేసింది. అంతమాత్రాన ఇంటి సొరుగులోని పాతవి వాటంతటవి పోవు. ‘ఎప్పుడైనా పనికొస్తుందేమో’ అనే మాట నిజంగా పొదుపు కావచ్చు, లేమిని చూసినవాళ్ళ భయమూ కావచ్చు. లేమి ఎరిగిన ఇంట్లో ఆ భయాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు. అయినా తీగను పట్టుకుని ‘ఇది దేనిది?’ అని అడిగితే ఇంట్లో ఒక్కరూ జవాబు చెప్పలేనప్పుడు, దాన్ని దాచడం పొదుపు కాదు. అలాంటి తీగలను చెత్తకుప్పలో కాల్చకూడదు. పైతొడుగు ప్లాస్టిక్కు విషపు పొగనిస్తుంది, లోపలి రాగి తిరిగి వాడుకోదగ్గది. దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనలు పాత పరికరాల బాధ్యతను తయారీదారుల మీద ఉంచాయి. ఆ ఏర్పాటు అడవి పల్లె గడప దాకా రావాలంటే తయారీదారుల నుంచి చాలా శ్రద్ధ కావాలి.

ఇక అసలు దాపరికం మాట. అద్వైతం అవిద్యకు రెండు శక్తులు చెబుతుంది. ఉన్నదాన్ని కప్పేది ఆవరణం, లేనిదాన్ని చూపేది విక్షేపం. చిక్కును పెట్టెలో మూసి, ఇల్లు చక్కగా ఉందనుకోవడంలో రెండూ ఉన్నాయి. కానీ దాచినదల్లా ఆవరణమేనని తీర్మానిస్తే తొందరపాటు అవుతుంది. దీనికి గట్టి సాక్ష్యం ప్రాణహిత నది ఆవలి ఒడ్డునే ఉంది. ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద 1948లో గ్రంథం వెలువరించిన మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమండార్ఫ్ వారి పెర్సాపేన్ ఆరాధనను వివరించాడు. ఇనుప ఈటెమొన, చామరం ఆ దేవుడి గుర్తులు. పండగ లేని రోజుల్లో అవి నలుగురి కళ్ళ ముందు ఉండవు, ఊరికి ఎడంగా భద్రంగా ఉంటాయి. కటోడా అనే పూజారి వాటికి బాధ్యుడు. పండగనాడు వంశమంతా చేరి వాటిని బయటికి తీసి కొలుస్తుంది. ఇక్కడ దాచడం సిగ్గు వల్ల కాదు, గౌరవం వల్ల. అందులో మూడు సంగతులు కనిపిస్తాయి: చోటు తెలుసు, బాధ్యుడు తెలుసు, బయటికి తీసే రోజు తెలుసు. దేవుడి గుర్తులనూ ఛార్జరునూ ఒక గాటన కట్టడం కాదిది. దాపరికం ఎప్పుడు నిజాయితీగా ఉంటుందో ఆ ఆచారం స్పష్టంగా చూపుతోంది. ఈ మూడూ లేని మూత, ఎంత అందమైనదైనా, కప్పిపుచ్చడమే.

కనబడకపోవడం లోపం కాదనే మాట ఉపనిషత్తులోనూ ఉంది. బృహదారణ్యకంలో ఉద్దాలకుడు యాజ్ఞవల్క్యుణ్ణి అడిగిన ప్రశ్న ఒక దారం గురించే: ఈ లోకాన్నీ పరలోకాన్నీ సమస్త భూతాలనూ కలిపి గుచ్చిన సూత్రం ఏది? వాయువే ఆ సూత్రమని జవాబిచ్చి, యాజ్ఞవల్క్యుడు అక్కడి నుంచి కంటికి కనబడని అంతర్యామి దాకా వెళ్తాడు. పూలదండలో దారం కనబడదు. కనబడితే దండ సరిగా కట్టలేదన్నమాట. అయినా కట్టిన చేతికి దారం ఎక్కడుందో తెలుసు.

తీగకు వేదాంతంలో మరో ప్రసిద్ధమైన చోటుంది, రజ్జుసర్పం. మసకచీకట్లో తాడు పాములా తోస్తుంది, దీపం తెస్తే పాము పోయి తాడు మిగులుతుంది. గౌడపాదుని మాండూక్యకారికల్లో ఇది జగత్తుకు ఉపమానం. అడవి అంచు ఇంట్లో ఈ దృష్టాంతానికి రెండో వైపు కూడా ఉంది. వానలకు పుట్టలు తడిసినప్పుడు పాములు ఇళ్ళలోకి వస్తాయి. తాడును పాము అనుకుంటే గుండె ఝల్లుమంటుంది, అంతే. మూలన ఎప్పుడూ నల్ల తీగలు పడి ఉండే ఇంట్లో పామును తీగ అనుకుని చేయి పెడితే ప్రాణం మీదికొస్తుంది. అలవాటు కూడా చీకటి లాంటిదే. మంచం కిందా, గోడవారా నేల మీద తీగలు పరవకూడదనడానికి కమలాపూర్‌లో అందం కంటే ముందు చెప్పవలసిన కారణం ఇది. తీగ నేలకు ఎత్తులో ఉంటే, నేల మీద సన్నగా నల్లగా కనబడేదేదైనా అనుమానించదగ్గదవుతుంది.

దాచకూడని సందర్భం ఒకటుంది, అది వేడి. తీగలో కరెంటు రెట్టింపయితే పుట్టే వేడి నాలుగు రెట్లవుతుంది. జూల్ సూత్రం చెప్పేది ఇదే. గాలాడితే ఆ వేడి పోతుంది. పరుపు కింద, బట్టల నడుమ, మూసిన చెక్కపెట్టెలో అయితే పోదు. ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు ఛార్జర్లతోపాటు ఇస్త్రీపెట్టె కూడా తగిలించి, మిగిలిన తీగను చుట్టలా చుట్టి కప్పేస్తే పైతొడుగు కరగవచ్చు, నిప్పంటుకోవచ్చు. యోగభాష్యంలో వ్యాసుడు మిగిలిన యమనియమాలన్నిటికీ అహింసే మూలమన్నాడు. ఆ వరుసను గౌరవిస్తే ఇక్కడ సందేహానికి తావు లేదు. చూపుకు ఇంపు, ప్రాణానికి క్షేమం ఒకదానితో ఒకటి తలపడినప్పుడు తీగ బయట కనబడటమే ధర్మం.

కనబడని దాని మాటకే తిరిగి వస్తే, సిరొంచకు ఎదురుగా, గోదావరి ఆవలి గట్టున కాళేశ్వరం ఉంది. అక్కడ ప్రాణహిత, గోదావరులతో పాటు సరస్వతి అంతర్వాహినిగా కలుస్తుందని భక్తుల విశ్వాసం. 2025 మే 15 నుంచి 26 వరకు ఆ కనబడని నదికే పుష్కరాలు జరిగాయి. గోడలో పారే కరెంటూ కనబడదు. వెలిగిన దీపాన్ని బట్టే అది ఉందని తెలుస్తుంది. అయితే నదిని తలచుకుని మునిగేవారికి దాని పుట్టుక గుర్తుంటుంది. ప్లగ్గు దగ్గర ఆ తలపు రాదు. గడ్చిరోలి 1982 దాకా చంద్రపూర్ జిల్లాలో భాగం. ఆ చంద్రపూర్‌లోనే 2,920 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం ఉంది. గ్రిడ్డులో ఎవరికి చేరింది ఎక్కడి కరెంటో విడదీయలేం గానీ, ఎక్కడో తవ్విన గని, ఎక్కడో లేచిన పొగ ఆ తీగ రెండో కొసన ఉన్నాయి. ఫోను తీసేశాక ఛార్జరు లాగే కరెంటు చాలా కొద్ది. స్విచ్ ఆపినందువల్ల గని మూతపడదు. అయినా ఆపే చేతికి ఆ రెండో కొస గుర్తుంటుంది.

బయటికి తీసే రోజు సంగతి మిగిలింది. దానికి కొత్త ఆచారం కల్పించనక్కరలేదు. దసరాకు ఆయుధపూజ ఉంది. కొడవలి, గొడ్డలి, కుట్టుమిషను, మోటారుసైకిలు ఆనాడు కడిగి బొట్టు పెట్టించుకుంటాయి. ప్లగ్గులన్నీ ఊడదీసి, తీగలను పొడిగుడ్డతో తుడిచి, పగటి వెలుతురులో కొస నుంచి కొస దాకా వేళ్ళతో తడిమి చూడడానికి అంతకన్నా తగిన రోజు లేదు. ఎలుక కొరికినవీ, మెడ దగ్గర చిట్లినవీ అలా తడిమినప్పుడు దొరుకుతాయి. వాటిని పక్కన పెట్టి మిగిలినవాటిని మళ్ళీ వదులుగా చుట్టి మేకుకు తగిలిస్తారు.