నివాస నిర్ణయము

మనుష్యుడు తన జీవితమున విద్య, వృత్తి, వివాహము అను మూడింటిని గూర్చి పెద్దలతో ఆలోచించును, జాతకములు చూపించును, ముహూర్తములు పెట్టించును. ఎచ్చట నివసింపవలెనను నాల్గవ నిర్ణయమును మాత్రము ఉద్యోగమునకు విడిచివేయును. జీతము ఏ నగరమున లభించునో ఆ నగరమే అతని ఊరగును. ముప్పది, నలువది యేండ్లు అట్లు గడచిన పిమ్మట, పదవీ విరమణ చేసిన మరునాటి ఉదయమున ఆ ప్రశ్న తొలిసారిగా అతని యెదుట నిలుచును: ఇక ఎచ్చట ఉండవలెను?

ఈ ప్రశ్న నేడు అనేక కుటుంబములలో వినబడుచున్నది. 1951 జనగణన నాటికి మన దేశమున నూటికి 17 మంది పట్టణవాసులు. 2011 నాటికి ఆ సంఖ్య 31కి పెరిగెను. పల్లెనుండి పట్టణమునకు, పట్టణమునుండి మహానగరమునకు సాగిన ఈ ప్రవాహమున వచ్చినవారు పలువురు వార్ధక్యమున వెనుదిరిగి చూచుచున్నారు. ఒక చిన్న ఊరికి, వీలైనచో పుణ్యక్షేత్రమునకు చేరువనున్న ఊరికి, తరలిపోవుదమా యని తలపోయుచున్నారు. ఈ తలపు వైరాగ్యమా, విసుగా? ధర్మమా, స్వసుఖమా? ఇది విచారింపదగిన విషయము.

మన పూర్వులు ఈ విషయమును ఉపేక్షింపలేదు. తెలుగు బాలురందరును నేర్చు సుమతీ శతకమున ఒక పద్యము నివాసయోగ్యమైన ఊరి లక్షణములను చెప్పుచున్నది. అక్కరకు ధనము సర్దువాడు, రోగము వచ్చినచో చూచు వైద్యుడు, ఎండిపోని నది, విప్రుడు ఉన్న చోటనే ఉండవలెనని దాని భావము. ఎంత లౌకికమైన దృష్టి! నీతికారుడు పరమార్థమును మరువలేదు. కాని వైద్యుని, నీటిని విడిచి పరమార్థమును చెప్పలేదు.

ఈ వ్యాసము వ్రాయుచున్న నేనును అట్లు తలపోసినవారిలో ఒకడను. భాగ్యనగరమున ముప్పదిరెండేండ్లు లెక్కలు వ్రాయు ఉద్యోగము చేసి విశ్రాంతి పొందితిని. నా జన్మస్థలము శ్రీకాకుళమునకు చేరువనున్న పల్లె. మూడేండ్ల క్రిందట నేనును నా భార్యయు శ్రీకూర్మము పోయితిమి. పడమటి దిక్కునకు అభిముఖుడైయున్న కూర్మనాథుని సేవించి, రెండు ధ్వజస్తంభములకును మ్రొక్కి, శ్వేతపుష్కరిణి గట్టున కూర్చుంటిమి. నగరమున మేముండునది నాల్గవ అంతస్తు. దేవాలయమునకు పోవలెనన్న వాహనముల రద్దీలో గంట ప్రయాణము. పూజకు తులసి కూడ కొనవలసినదే. ఇచ్చటనో, గాలియే స్వామి సన్నిధివలె నున్నది. ఆ సాయంకాలమే నా మనస్సున నిర్ణయము జరిగిపోయినది.

ఇంటికి వచ్చి కాగితము తీసికొని లెక్క వేసితిని. నగరమునందలి ఇల్లు అమ్మినచో శ్రీకాకుళమున ఇల్లు కొని, మిగిలిన ధనముపై వచ్చు వడ్డీతో నిశ్చింతగా బ్రతుకవచ్చును. సుమతీ శతకపు పరీక్షలోను ఆ ఊరు నెగ్గినది. నాగావళి ఊరి నడుమనే పారుచున్నది. వైద్యులున్నారు, వైద్య కళాశాలయు ఉన్నది. నా భార్య ఆ కాగితమును చూచి ఒకటే ప్రశ్న అడిగెను: "మీరు గుడి కోసం వెళదామంటున్నారా, ఈ రొద భరించలేక వెళదామంటున్నారా?" నాకు వెంటనే ఉత్తరము తోచలేదు.

ఉత్తరము కొరకు శ్రీమద్రామాయణమును ఆశ్రయించితిని. శ్రీరామచంద్రుడు చిత్రకూటమును విడుచుటకు వాల్మీకి మహర్షి చెప్పిన కారణములు గమనింపదగినవి. అచ్చటి తపస్వులు రాక్షసభయమున వెడలిపోయిరి. భరతుడు, తల్లులు, పౌరులు వచ్చి తనను చూచిన చోటు గనుక ఆ స్మృతి నిరంతరము శోకమును రేపుచున్నది. అంతేకాదు, భరతుని సైన్యము విడిసినప్పుడు గుర్రముల, ఏనుగుల పేడతో ఆ ప్రదేశము చెడిపోయినది. అవతారపురుషుడు సైతము మనశ్శాంతిని, పరిసరముల శుభ్రతను నివాస విషయమున లెక్కలోనికి తీసికొనెను. కావున నగరపు రొద సహింపలేక పోవుదమనుకొనుట దానంతట అది పాపము కాదు. దానికి వైరాగ్యమను పేరు పెట్టుటయే దోషము.

పిమ్మట పంచవటి. అగస్త్యమహర్షి సూచించిన ఆ వనమునకు చేరిన తరువాత రాముడు లక్ష్మణునితో, పర్ణశాలకు తగిన చోటు చూడుమనెను. ఆ చోటు ఎట్లుండవలెను? ముందుగా వైదేహికి, పిదప లక్ష్మణునికి, ఆ తరువాత తనకు సంతోషము కలిగింపవలెను; నీరు చేరువనుండవలెను; సమిధలు, పూలు, దర్భలు సమీపముననే లభింపవలెను. ఈ వరుసలో తన పేరును రాముడు చివర చెప్పుకొనుట గమనింపుడు. దానికి లక్ష్మణుడు చేతులు జోడించి, నీవుండగా నేను పరతంత్రుడను, నీకు నచ్చిన చోటు నీవే చూపి కట్టుమని ఆజ్ఞాపింపుమనెను. మన పూర్వాచార్యులు ఈ ఘట్టమును పారతంత్ర్యమునకు నిదర్శనముగా చెప్పుదురు. పెద్దవాడు తన పేరును చివర ఉంచుకొనెను. చిన్నవాడు తన ఇష్టమునే విడిచిపెట్టెను. ఆ ఇరువురి నడుమ నిలిచిన పర్ణశాల గనుకనే అది పంచవటి అయినది.

నా కాగితమును మరల చూచుకొంటిని. అందు మొదటి పంక్తిలో నా పింఛను, నా ఆరోగ్యము, నా దైవదర్శనము ఉన్నవి. నా భార్య మాట నడుమ ఎచ్చటనో కలదు. ఎనుబదినాలుగేండ్ల మా తల్లిని గూర్చి చివరి పంక్తిలో, "అమ్మకు సొంత ఊరు గనుక సంతోషించును" అని వ్రాసియుంటిని. అడిగి వ్రాసినది కాదు.

ఈలోగా ఇట్లు తరలిపోయిన ఇరువురు మిత్రులను విచారించితిని. మొదటివాడు ఒక క్షేత్రమున ఇల్లు కొని, ఎనిమిది నెలలకే తిరిగి వచ్చెను. అచ్చట పాలవాడు వేళకు రాడట; విద్యుత్తు పోవునట; ఆలయమున తన్నెవరును గుర్తింపరట. నగరమునుండి శరీరమును మాత్రము తీసికొనిపోయి, నగరపు అలవాట్లనన్నిటిని వెంట మోసికొనిపోయెను. అతడు చెప్పని మాట మరొకటి కలదు. అతనివంటి వారు పదిమంది ధనముతో వచ్చి ఇండ్లు కొనగా, ఆ వీధిలోని అద్దెలు పెరిగి, పూలమాలలు కట్టు కుటుంబమొకటి ఊరి వెలుపలికి పోవలసివచ్చెను. క్షేత్రవాసము కోరి పోయినవాడు క్షేత్రవాసి నివాసమునకే చేటు తెచ్చుట ఎంత విపరీతము!

రెండవవాడు గోదావరి తీరమున ఒక చిన్న ఊరు చేరి ఏడేండ్లయినది. అచ్చటి చిన్న ఆలయమునకు ప్రతిఫలము లేకుండ లెక్కలు వ్రాయుచున్నాడు. సాయంకాలము పిల్లలకు గణితము చెప్పుచున్నాడు. అతని భార్య తులసిమాలలు కట్టుచున్నది. "మొదటి సంవత్సరము నన్నెవ్వరును పిలువలేదు. రెండవ సంవత్సరము ఒక కుర్రవాడు భిన్నములు చెప్పుమని వచ్చెను. ఆనాటినుండి అది నా ఊరైనది" అని అతడు నాతో చెప్పెను.

ఈ ఇరువురికిని గల భేదమేమి? ఆ భేదమును మన సంప్రదాయము అనంతాళ్వానుల చరిత్రలో ఏనాడో చూపినది. శ్రీరంగమున భగవద్రామానుజుల సన్నిధి, మహాపండితుల గోష్ఠి, నిత్యోత్సవములు ఉన్నవి. తిరుమలయో ఆనాడు చలికి, ఏకాంతమునకు పేరుపడిన కొండ. స్వామికి పుష్పకైంకర్యము చేయుటకు ఎవరు పోవుదురని ఆచార్యులు అడిగినప్పుడు లేచి నిలిచినవాడు అనంతాళ్వాను లొక్కరే. చెరువు త్రవ్వి, మట్టి మోసి, పూలతోట పెంచిన ఆ కథ, ఆయన గునపము కథ పాఠకులకు సుపరిచితములే. ఒక్క విషయము మాత్రము చెప్పుదును. ఆయన పెద్ద ఊరు విడిచి చిన్న చోటికి పోయినది విశ్రాంతికి కాదు, పనికి. ఆయన భార్య గర్భవతియై యుండియు మట్టితట్ట మోసినది. ఆ నిర్ణయము ఇరువురిది.

ఇంత తెలిసికొన్న పిమ్మట గాని నాకు మా తల్లిని అడుగవలెనని తోచలేదు. ఒక రాత్రి భోజనానంతరము విషయము చెప్పితిని. ఆమె సంతోషించుననుకొంటిని. కొంతసేపు ఊరకుండి ఇట్లనెను:

"నాయనా, ఆ ఊళ్లో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. ఇక్కడ ఎదురింటావిడకు చూపు పోయింది కదా. రోజూ మూడింటికి గోడ పట్టుకుని వస్తుంది. నేను చదివితే భాగవతం వింటుంది. దశమస్కంధం సగంలో ఉన్నాం. నేను వచ్చేస్తే ఆవిడకు ఎవరు చదువుతారు? నువ్వు రమ్మంటే వస్తాను. కాదనను."

నేను సిగ్గుపడితిని. పుష్కరిణి గట్టున వెదకిన కైంకర్యము, ఆరేండ్లుగా నా గృహముననే, నా గది ప్రక్కనే జరుగుచున్నది. ఆ వేళ నేను నిద్రించువాడను. ఆమె "కాదనను" అన్న మాట మరింత బాధించినది. ఆమెది లక్ష్మణస్వామి పలికిన మాట. కాని నేను రామునివలె ఆమె పేరును ముందు చెప్పియుండలేదు.

ఇచ్చట ఒక సూక్ష్మమైన ధర్మసంకటము కలదు. బంధువులు నాకు చెప్పిన సలహా ఒకటే: "ఇప్పుడు వద్దు, తరువాత చూచుకొనవచ్చును." వినుటకు వివేకముగానే యుండును. కాని తరువాత అనగా ఎప్పుడు? ఆ మాటకు మా యింట ఒక్కటే అర్థము. తల్లి యున్నంతకాలము ఆగి, ఆమె పోయిన పిమ్మట పోవుట. అట్లు తలచినవాడు నోట చెప్పకున్నను, లోలోపల దినములు లెక్కించుచునే యుండును. ఆమెకు దగ్గు వచ్చినప్పుడు అతని మనస్సు ఎచ్చటికి పోవును? కావున ఈ నిర్ణయమును వాయిదా వేయరాదని, విడిచిపెట్టవలెనని నాకు తోచినది. కాగితమును చించివేసితిని. కాలాంతరమున స్వామియే ద్వారము తెరచినచో అది వేరు. నేను ఆ ద్వారము చెంత కాచుకొని కూర్చుండరాదు.

నివాసమును కర్తవ్యమునకు లోబరచిన మహాత్ముడొకడు ఆ శ్రీకూర్మముననే స్మరణీయుడు. ఆలయమున 1281వ సంవత్సరపు శాసనమును నిలిపిన నరహరితీర్థులు మధ్వాచార్యుల శిష్యులు. సన్న్యసించి గురువు వెంట పోవలెనని ఆయన కోరినను, గురువు కళింగముననే ఉండి రాజ్యకార్యము నిర్వహింపుమని ఆజ్ఞాపించెనని సంప్రదాయము. మఠమును కోరిన యతి రాజధానిలో నిలిచెను. శ్రీరంగమును విడిచి అనంతాళ్వానులు కొండకు పోయిరి. ఒకరు ఉండుట, ఒకరు పోవుట, రెండును ధర్మమే. ఊరు చిన్నదా పెద్దదా యనునది ఆ నిర్ణయములకు ఆధారము కాలేదు.

కావున తరలిపోదలచినవారు మూడు ప్రశ్నలు వేసికొనుట మేలు. నేను పోవుచున్నది ఒక పనికా, కేవలము విసుగు తీరుటకా? నా వెంట వచ్చువారిని నిజముగా అడిగితినా? నేను చేరుటవలన ఆ ఊరికి ఒక చేయి పెరుగునా, ఒక భారము పెరుగునా? ఈ మూడింటికి తృప్తికరమైన ఉత్తరము వచ్చినవారు శంకింపక పోవచ్చును. నా రెండవ మిత్రుని వలె వారికి ఆ ఊరు ఊరగును. రానివారు ఉన్నచోటనే ఉండుట మంచిది.

ఉన్నచోటనే ఉండవలసిన వారికి ఊరట లేకపోలేదు. కణికణ్ణుని రాజు నగరమునుండి వెడలగొట్టినప్పుడు తిరుమళిశై ఆళ్వారులు అతని వెంట పోగా, కాంచీపురమున శయనించిన స్వామియే పాము పడకను చుట్టుకొని ఆ ఇరువురి వెంట నడచెనని మన పెద్దలు చెప్పుదురు. భగవద్రామానుజులు చివరి దినములలో శిష్యులకు చేసిన ఉపదేశమును స్మరింపుడు. శ్రీభాష్యమును అధ్యయనము చేయుడు. చేతకానిచో ఆళ్వారుల దివ్యసూక్తులను. అదియు కానిచో దివ్యదేశమున కైంకర్యము. అదియు కానిచో యాదవాద్రిపై గుడిసె కట్టుకొని నివాసము. అదియు కానిచో ద్వయమంత్రానుసంధానము. ఇవి యేవియు చేతకానివాడు ఒక భాగవతోత్తముని అభిమానమునకు పాత్రుడై అతని నీడలో ఉండవలెను. ఆ వరుసలో క్షేత్రవాసమునకు గౌరవస్థానము కలదు; కాని అన్నియు తప్పినవానికి కూడ మిగులు దిక్కు స్థలము కాదు, ఒక భాగవతుని చెంత చోటు.

ప్రతి ఫాల్గుణ పూర్ణిమకు డోలోత్సవమునకై శ్రీకూర్మము పోయి వచ్చుచున్నాము. ఆ నాలుగు దినములు ఎదురింటామెకు మా కోడలు చదివి వినిపించును. మా తల్లికి గొంతు త్వరగా అలసిపోవుచున్నందున, తక్కిన దినములలో మూడు గంటలకు నేనే చదువుచున్నాను. దశమస్కంధము ముగిసినది. ఏకాదశము ఆరంభించితిమి. కావలివాని భార్యయు వచ్చి గడప యొద్ద కూర్చుండుచుండగా, మా తల్లి ఆమెను లోపలికి పిలిచి చాప వేసినది.

శ్రీనివాసుడను పేరు గల స్వామి ప్రతి గృహస్థునికిని తగిన నివాసమును చూపి, అందు తగిన పనిని కూడ చూపుగాక!